మా సోమయ్య గొంతు వినడానికి వెళ్ళిన సినిమా

రెండేళ్ళ కిందట మా వాడరేవులో ఒక సినిమా తీశారు. పెద్ద కంపెనీ వాళ్ళు తీసింది కాదు. మద్రాసు నుంచి ఏడెనిమిది మంది కుర్రాళ్ళు ఒక కెమెరా పట్టుకుని వచ్చి, వలలు దాచుకునే పాకల్లో పడుకుని, మా ఇళ్ళలోనే తిని తీశారు. మా ఊరివాళ్ళు చాలామంది అందులో కనపడతారు. మా అబ్బాయి సోమయ్య కూడా ఉన్నాడు, ఒక మాట కూడా చెప్పాడు. చేతిలో డబ్బు లేక ఆ సినిమా ఎక్కడో ఆగిపోయింది. ఈలోగా సోమయ్యకి పచ్చకామెర్లు వచ్చాయి. ఈడొచ్చిన పిల్లాడు, నెల తిరక్కుండానే పోయాడు. వాడి ఫోటో ఒకటి మా ఇంట్లో ఉంది. గొంతు మాత్రం ఎక్కడా లేదు. పడవ మీంచి పడవకి అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు వాడిది. ఏడాది దాటాక అది నాకు సరిగ్గా గుర్తు రావడం మానేసింది. అప్పుడే ఆ సినిమా ఎలాగో పూర్తయి బాపట్లలో ఆడుతోందని తెలిసింది. వాడి ఆ ఒక్క మాటా వినాలని బయల్దేరాను. మా ఊళ్ళో ఇంకా కొందరు వెళ్దామనుకుంటున్నారు. వాళ్ళ కోసమూ, ఇలాంటి చిన్న సినిమాలు చూడబోయేవాళ్ళ కోసమూ ఇది రాస్తున్నాను.

మా తోటికోడలు వీరమ్మ తోడు వచ్చింది. పొద్దున్నే మొదటి బస్సుకి చీరాల వెళ్ళి, అక్కడ ప్యాసింజరు ఎక్కితే ఎండ ముదరకముందే బాపట్లలో దిగుతాం. స్టేషను నుంచి హాలుకి నడిచిపోవచ్చు, రిక్షా అక్కర్లేదు. తీరా వెళ్తే గోడ మీద వేరే సినిమా బొమ్మ. గేటు దగ్గర బీడీ కాలుస్తున్నాయన్ని అడిగాను.

"ఆ సినిమానా పిన్నిగారూ? నిన్నే ఎత్తేశారండి. మూడు రోజులాడింది, అదే ఎక్కువ. పాటల్లేవు, ఫైటింగుల్లేవు, జనం కుర్చీలు విరగ్గొట్టనందుకు సంతోషించాం."

"మరి ఆ సినిమా పెట్టె ఎటు పోయిందయ్యా?" అంది వీరమ్మ.

"తెనాలండి. ఇప్పుడు బండెక్కితే మాట్నీకి అందుకుంటారు."

ఇదేంటి, మనుషులు అంత కష్టపడి తీసింది మూడు రోజులేనా అనుకున్నాను. మళ్ళీ స్టేషనుకొచ్చి, ఇడ్లీ పొట్లం కట్టించుకుని తెనాలి బండెక్కాం. దారి పొడుగునా వీరమ్మ ఒకటే మాట. "మీ మరిది వల బాగుచేస్తా కనపడతాడంట అక్కా. మొహం పడిందో లేదో. పడకపోతే ఇంటికెళ్ళాక ఆయనతో వేగలేను."

తెనాలిలో బెంచీ టిక్కెట్లు కొన్నాం. హాలు మొత్తానికి పాతిక మంది కూడా లేరు. సినిమా గురించి ఉన్నది ఉన్నట్టు చెప్తాను. మొదలెట్టిన కాసేపటి దాకా నాకేమీ అర్థం కాలేదు. రంగుల్లేవు, పాటల్లేవు. హీరో అన్నవాడు మొదట్నుంచి చివరిదాకా ఒకే చొక్కాతో తిరిగాడు. చీకట్లో తీసిన చోట మనిషీ కనపడడు, పడవా కనపడదు. ఒక మనిషి ఎండలో బయల్దేరి మబ్బులో ఇల్లు చేరతాడు, మళ్ళీ తలుపు తీస్తే ఎండ. కానీ సముద్రం మాత్రం మా సముద్రమే. పెద్ద సినిమాల్లో చూపించే అందమైన తీరం కాదు, చేపలు ఆరేసిన ఇసుకా, మూగే కాకులూ, అన్నీ ఉన్నట్టే తీశారు. నాకు వాసన కూడా తెలిసింది.

"అదిగో అక్కా, ఆ వీపు మీ మరిదిదే! మచ్చ చూడు!" అని వీరమ్మ లేచి నిలబడింది. వెనక నుంచి ఎవరో, "కూర్చోమ్మా, మాకూ వీపులే కనపడుతున్నాయి" అన్నారు.

తర్వాత మా వసారా వచ్చింది. ఈ సంగతి ముందే చెప్పాలి. అమ్మ వేషం వేసినావిడ మధ్యలోనే మద్రాసు వెళ్ళిపోతే, ఆవిడ చీర నాకు కట్టి, కెమెరాకి వీపు పెట్టి కూర్చోబెట్టారు. నేను వడ్డించాలి, ఎదురుగా కూర్చుని సోమయ్య తినాలి. "అమ్మా, ఇంకాస్త పులుసు పొయ్యి" అనాలి. వాడు ఆ రోజు అన్నది నాతోనే. ఇప్పుడు తెర నిండా వాడి మొహం. నేను ముందుకి వంగాను. వాడు నోరు తెరిచాడు.

వచ్చింది వాడి గొంతు కాదు. పల్చటి గొంతు, రేడియోలో వార్తలు చదివినట్టు. "అమ్మా, ఇంకాస్త పులుసు పొయ్యి" అని ఎవరో పరాయివాడు నా కొడుకు నోట్లోంచి అంటున్నాడు. నా వీపులోంచి ఇంకెవరో ఆడమనిషి, "తిను నాయనా" అంది. నేను వాణ్ణి ఏనాడూ నాయనా అనలేదు, ఒరే అనే అన్నాను.

"అమ్మ ఒక్క పూటలో ఎంత లావైపోయిందిరోయ్!" అన్నారు వెనక బెంచీలో. హాలంతా నవ్వింది. వీరమ్మ నా చెయ్యి పట్టుకుంది. నాకు ఏడుపు కూడా రాలేదు.

ఆట అయ్యాక పెట్టెతో వచ్చినాయన ఎవరని అడిగి పట్టుకున్నాను. సినిమా పెట్టె వెంట ఊరూరూ తిరిగే మనిషి, తల నెరిసింది. మద్రాసులో ఆ కుర్రాళ్ళతో పనిచేశాడట.

"బాబూ, మా అబ్బాయి గొంతు ఏం చేశారు మీరు?" అన్నాను.

ఆయనకి మొదట అర్థం కాలేదు. అంతా విన్నాక గోడకి జారబడ్డాడు. "ఏం చెయ్యలేదమ్మా. అసలు పట్టలేదు. గొంతు పట్టే మిషనుకి అద్దె కట్టలేక ఉత్త బొమ్మే తీశారు. మాటలన్నీ తర్వాత మద్రాసులో ఒక గదిలో చెప్పించారు. ఇద్దరు మగాళ్ళూ ఒక ఆడమనిషీ కలిసి ఊరందరికీ చెప్పేశారు."

"అంటే ఎక్కడా లేదా?"

"లేదమ్మా."

కొడుకు పోయిన రోజు విన్న మాటలాగే ఉంది ఆ మాట. వీరమ్మే కోప్పడింది. "బాగుందయ్యా! మా ఆయన వీపుకి నోరు లేదు కాబట్టి సరిపోయింది!"

నేను ఒక్కటే అడిగాను. "ఆ ముక్క వచ్చినప్పుడు శబ్దం ఆపగలవా? ఆ పరాయి గొంతు లేకుండా వాణ్ణి చూసుకుంటాను."

"ఇక్కడ కుదరదమ్మా. రేపు సాయంత్రం రేపల్లెలో డేరా హాల్లో వేస్తున్నారు. ఆపరేటరు మనవాడే. రండి."

ఆ రాత్రి తెనాలి స్టేషన్లో ఆడవాళ్ళ గదిలో పడుకున్నాం, భయమేమీ లేదు. మర్నాడు మధ్యాహ్నం బండికి రేపల్లె చేరాం. ఆ బండి చాలా నిదానం, తొందరపడేవాళ్ళు బస్సెక్కండి. డేరాలో నేల టిక్కెట్టు కొని తెర ముందే కూర్చున్నాం. జనం బాగానే ఉన్నారు. వసారా రాగానే సినిమాలో మాట ఆగిపోయింది. వెంటనే ఈలలు, "సౌండ్! సౌండ్!" అని గోల.

వీరమ్మ వాళ్ళ వైపు తిరిగి, "ఒక్క నిముషం నోరు ముయ్యండ్రా! ఈవిడ కొడుకురా వాడు! పోయాడురా!" అని అరిచింది. తెనాలిలో నవ్వినట్టే నవ్వుతారనుకున్నాను. డేరా అంతా చప్పున ఊరుకుంది. మిషను తిరుగుతున్న చప్పుడొక్కటే.

సోమయ్య నోరు కదిలింది. గొంతు వినపడుతుందేమోనని చూశాను. వినపడలేదు, అబద్ధం చెప్పను. కానీ ఆ పరాయి గొంతు లేకపోయేసరికి తెనాలిలో కనపడనిది కనపడింది. వాడు తింటున్నాడు. నటించడం కాదు, నిజంగా తింటున్నాడు. ఆ రోజు వెలుతురు సరిగా లేదని పొద్దు వాలేదాకా కూర్చోబెట్టారు వాణ్ణి. ఆకలి మీద పెద్ద ముద్దలు కలిపి, ముల్లు తీసి పక్కన పెట్టి, వేళ్ళు నాకి, మళ్ళీ కంచం జరిపాడు. జబ్బుపడ్డాక ఆఖరి రోజుల్లో పులుసు కావాలని అడిగితే పథ్యమని ఉప్పులేని గంజే పోశాం, అదీ దిగలేదు. ఆ ఎండిన నోరే ఇన్నాళ్ళూ నా కళ్ళ ముందుంది. ఇప్పుడు తెర నిండా వాడి దవడలు కదులుతుంటే చూశాను. నేను వడ్డిస్తున్నాను, వాడు తింటున్నాడు.

పెద్ద సినిమాల్లో కంచం ముందు కూర్చున్నవాళ్ళు అన్నం కలుపుతూ మాట్లాడటమే గాని మింగరు. ఈ సినిమాలో నా కొడుకు కడుపు నిండా తిన్నాడు. గొంతు పట్టడానికి డబ్బు లేనివాళ్ళు తీసిన సినిమా కాబట్టే నన్ను కూర్చోబెట్టారు, మా ఇంటి పులుసే పెట్టించారు. కోపం పోయిందా అంటే పోలేదు. ఆ గొంతు ఎక్కడా లేదన్న మాట ఇంకా మింగుడు పడలేదు. అయినా మా ఊరివాళ్ళు వెళ్ళి చూడాలనే అంటాను. వెళ్ళేవాళ్ళు మాటలు వినడానికి మాత్రం వెళ్ళకండి. నేల టిక్కెట్టే కొని తెరకి దగ్గరగా కూర్చోండి, వెనక బెంచీల్లోంచి మీవాళ్ళ చేతులు కనపడవు.