కచ్చా జమాతులో హనీఫా

రెజిమెంటల్ బజార్ వెనక మా సందులో దూదేకుల సుభాన్ ఉంటాడు. ఆయన పెద్దకూతురు హనీఫాకు ఇప్పుడు పదమూడేళ్లు. తండ్రి దూది ఏకుతుంటే ఆ పిల్ల పరుపులకు కుట్లు వేస్తుంది. నేను పడుకునే పరుపు కూడా ఆమె కుట్టిందే. ఆ పిల్లకు చదువు అబ్బలేదని సందులో అందరూ అంటారు. ఎందుకు అబ్బలేదో అందరికంటే నాకు ఎక్కువ తెలుసు. నాలుగో తరగతి దాకా చదువుకున్న చెయ్యి కనుక రాసి పెడుతున్నాను.

ఎనిమిదేళ్లప్పుడు హనీఫా మా సందు బడిలో రెండో జమాతు చదివేది. ఇంట్లో వాళ్లు మాట్లాడేది మనలాగే తెలుగు. బడిలో మాత్రం అప్పుడు ఎవరికైనా ఉర్దూయే. కూరగాయలమ్మి లెక్క కట్టేలోపు ఆ పిల్ల నోటితో జవాబు చెప్పేసేది. నేను వాకిట్లో కూర్చుని దారిన పోయే పిల్లలను ఆపి లెక్కలు అడుగుతుంటాను, అదొక పిచ్చి నాకు. పదిహేడూ ఎనిమిదీ అంటే మిగతా పిల్లలు వేళ్లు మడిచేవాళ్లు. ఈమె ఆగకుండా నడుస్తూనే "పచ్చీస్" అనేసి పోయేది.

పోలీసు యాక్షన్ అయిన మరుసటి ఎండాకాలంలో కబురొచ్చింది, జూన్ నుంచి మా సందు బడిలో చదువంతా తెలుగులోనేనని. దుకాణాల్లో వాచకం దొరకలేదు. రైల్వేలో పనిచేసే మా అబ్బాయి బెజవాడ నుంచి ఒకటి తెచ్చాడు, తన కూతురు శారద కోసం. శారదా హనీఫా ఒక ఈడువాళ్లే, ఒకే జమాతు. మరునాడే హనీఫా వచ్చి అరుగు ముందు నిలబడింది.

"అవ్వా, శారద చదువుతుంటే నేను సుత జెర చూస్తా."

"చూడు, వద్దన్ననా? చాప మీదికి రాకు గని, గా మెట్టు మీద కూసో."

అది మడిచాప కాదు, మామూలు ఈతచాపే. అయినా ఆ మాట నా నోటి నుంచి దానంతట అదే వచ్చింది.

అలా శారద అరుగు మీద, హనీఫా ఎదురుగా కింది మెట్టు మీద, పుస్తకం శారద వైపు తిరిగి మధ్యలో. మెట్టు మీది పిల్లకు ప్రతి అక్షరం తలకిందులుగా కనబడేది, వరుస కుడి నుంచి ఎడమకు నడిచేది. ఉర్దూ కూడా అటునుంచే నడుస్తుంది కదా, ఆమెకు అందులో వింతేమీ తోచలేదు. తెలుగు ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది. పలక మీద కూడా తను చూసినట్టే రాసుకునేది. నెల తిరిగేసరికి శారద మొదటి మాట కూడబలుక్కునేలోపు ఈమె చివరి మాట చదివేసేది.

నేను పక్కింటి ఎల్లమ్మను పిలిచి మరీ చూపించాను.

"చూడు ఎల్లమ్మా, సుభాన్ బిడ్డ తలకిందులు పుస్తకం ఎట్ల సదువుతుందో."

"మా ఆయన కల్లు తాగొచ్చి సుత గట్ల సదవలేడు."

"తాగకుంటే ఏనాడన్న సదివిండా మరి?"

ఇద్దరం నవ్వుకున్నాం. పిల్లను ఇటువైపు కూర్చోబెట్టాలని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు.

జూన్‌లో బడి తెరిచారు. తెలుగు వచ్చినవాళ్లను ఒక పక్క, రానివాళ్లను ఒక పక్క కూర్చోబెట్టాలని నిర్ణయించారు. వచ్చినవాళ్లు పక్కా జమాతు, గదిలో బల్లల మీద. రానివాళ్లు కచ్చా జమాతు, పెరట్లో రేకుల షెడ్డు కింద. పరీక్ష చేసింది కొత్తగా వచ్చిన మేబెల్ టీచరమ్మ. పరీక్షలో ఏం జరిగిందో ఆ సాయంత్రం శారదను గుచ్చి గుచ్చి అడిగి చెప్పించుకున్నాను.

టీచరమ్మ హనీఫా చేతికి వాచకం ఇచ్చిందట. హనీఫా దాన్ని గిర్రున తిప్పి తలకిందులుగా పట్టుకుంది. పిల్లలందరూ గొల్లున నవ్వారు. టీచరమ్మ పుస్తకాన్ని సరిచేసి ఇచ్చింది. ఈమె మళ్లీ తిప్పింది. పొగరనుకుని టీచరమ్మ పిల్ల చేతి మీద ఒకటి వేసింది. ఆ తరువాత పిల్ల నోరు పెగల్లేదు. చివరికి పలక ఇచ్చి "నెమలి" అని రాయమంటే తనకు వచ్చినట్టే రాసింది. టీచరమ్మ చూసి, పిచ్చిగీతలు అని తుడిచేసింది. ఎనభైమంది పిల్లలు వరుసలో ఉంటే పలకను తిప్పి చూసే తీరిక ఎవరికి?

"అవ్వా, అది నెమలే. నేను చూసిన" అంది శారద.

"చూసినదానివి చెప్పొద్దా?"

"చెప్తే నన్ను సుత కచ్చాల కూసోబెడ్తది."

శారద కాకపోతే నేనున్నాను. పొద్దున్నే బడికి పోయి, ఈ పిల్లకు చదువు వచ్చు, ఎదురుగా కూర్చుని నేర్చుకుంది అని చెబితే సరిపోయేది. చెబితే ఎదురుగా ఎందుకు కూర్చోబెట్టావమ్మా అని అడుగుతారు. నేను పోలేదు. నా బదులు సుభాన్‌ను పొమ్మన్నాను.

"ఏమని అడగాలె పెద్దమ్మా?" అన్నాడతను. "మాసొంటోళ్లు లొల్లి చేసే దినాలా గివి? బీదర్ దిక్కు పోయిన మా తమ్ముని ముచ్చట తొమ్మిది నెల్ల సంది తెల్వదు. ఉన్నడో లేడో. పిల్లను బడిల కూసోనిచ్చిండ్రు, గంతే చాలు."

హనీఫా మా అరుగు దగ్గరికి రావడం మానేసింది. ఎనిమిది నెలలు గడిచాయి. ఆ షెడ్డులో ఏం చదువు చెబుతున్నారో చూడాలని నాకు ఒకటే ఆరాటం. ఒక రోజు శారద అన్నం గిన్నె నేనే దాచిపెట్టి, పిల్ల మరిచిపోయిందని పట్టుకుని బడికి పోయాను.

షెడ్డు కింద నలభైమంది ఉన్నారు. మీసాలు మొలుస్తున్న పెద్దవాళ్లూ ఉన్నారు, ముక్కు తుడుచుకోవడం రాని చిన్నవాళ్లూ ఉన్నారు. నల్లబల్ల మీద అ ఆ లు ఉన్నాయి, జూన్‌లో రాసినవే, సగం చెరిగిపోయాయి. టీచరమ్మ పొద్దున ఒక గంట వచ్చి పోతుందట. మిగతా పొద్దంతా పక్కావాళ్ల కుండల్లో నీళ్లు నింపడం, వాళ్ల గది ఊడ్వడం. హనీఫా బిందె ఎత్తుకుని వచ్చింది.

"ఏం చదువుతున్నవే?"

"మాది కచ్చా గదవ్వా. మాకు చదువు పొద్దుగాలే అయిపోతది."

"లెక్కలో?"

"లెక్కలు పక్కావాళ్లకు."

"పదిహేడూ ఎనిమిదీ ఎంత?"

బిందె దించి వేళ్లు మడవడం మొదలుపెట్టింది. మూడు వేళ్లు మడిచి, విప్పేసింది. "ఎందుకవ్వా గివన్నీ" అని నవ్వి బిందె ఎత్తుకుంది.

నేను అక్కడి నుంచి నేరుగా మేబెల్ టీచరమ్మ గదికి పోయాను. చాప సంగతి, మెట్టు సంగతి, ఏదీ దాచకుండా చెప్పాను. ఆమె హాజరు పట్టీ తీసి హనీఫా పేరు మీద వేలు పెట్టింది.

"ఎనిమిది నెలలైంది, విమలమ్మగారూ."

"అవును."

"ఆ రోజు పలక తిప్పి చూడాల్సింది నేను."

"మెట్టు మీద కూసోబెట్టింది నేను. మీదొక తప్పు, నాదొక తప్పు. పిల్ల సంగతి ఏం చేద్దాం?"

మార్చి పరీక్షలో ఒక్క పుట తడబడకుండా చదివితే పక్కా మూడో జమాతులో కూర్చోబెడతానంది. చదవకపోతే పేరు కొట్టేస్తారట. జూన్‌లో కొత్తవాళ్లు వస్తారు, షెడ్డులో రెండో ఏడు ఎవరినీ ఉంచరు.

నెల రోజులు హనీఫాను చాప మీద నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. ఎల్లమ్మ చూసి మూతి తిప్పింది, తిప్పుకోనీ అన్నాను. మొదట అక్షరాలన్నీ కొత్త మొహాలే అయ్యాయి పిల్లకు. ఇరవై రోజుల్లో దారికొచ్చింది. పరీక్ష ముందురోజు పుట మొత్తం రెండుసార్లు చదివింది, ఎక్కడా ఆగలేదు. సుభాన్ గుమ్మం అవతల నిలబడి విన్నాడు. తల గుడ్డ తీసి ముఖం తుడుచుకున్నాడు.

పరీక్ష నాడు నేను తలుపు దగ్గర నిలబడ్డాను. హనీఫాను పక్కా గదిలోకి పిలిచారు. బల్లల మీద శారదా వాళ్లూ అందరూ ఉన్నారు. రోజూ ఊడ్చే గదే, ఊడ్వడానికి తప్ప ఆ పిల్ల అందులో అడుగు పెట్టలేదు. టీచరమ్మ పుస్తకం తెరిచి, సరైన వైపుకు తిప్పి, ముందు పెట్టింది.

"చదువమ్మా."

హనీఫా పుస్తకం వైపు చూడలేదు. "నేను కచ్చా, టీచరమ్మా" అంది.

"తెలుసమ్మా. అందుకే చదవమంటున్నాను."

"కచ్చావాళ్లకు రాదు."

"నిన్న అవ్వ దగ్గర చదివావట కదా?"

"అది ఇంట్ల."

ఆ పిల్ల భయపడలేదు, ఏడవలేదు. పేరు అడిగితే పేరు చెప్పినట్టు చెప్పింది. నేను గుమ్మం దాటి లోపలికి పోయి బతిమాలాను. టీచరమ్మ బతిమాలింది. బల్లల మీద ఎవరో కిసుక్కుమన్నారు. హనీఫా గంట కొట్టేదాకా అలాగే నిలబడి, గంట కొట్టగానే అలవాటు కొద్దీ మూలనున్న చీపురు తీసుకుంది. ఆ వారంలోనే పేరు కొట్టేశారు.

ఇది జరిగి నాలుగేళ్లు దాటింది. ఇప్పుడు అందరి చదువూ తెలుగులోనే, అయినా పక్కా గదీ కచ్చా షెడ్డూ అలాగే ఉన్నాయి. ఒకసారి విడదీసినవి మళ్లీ కలపడం ఎవరికీ గుర్తు రాలేదు. ఈ జూన్‌లో హనీఫా తన చెల్లెలు షహర్ బానోను బడిలో వేయడానికి పోతుంటే నేనూ వెంట పోయాను. మేబెల్ టీచరమ్మకు జుట్టు నెరిసింది. హనీఫాను గుర్తుపట్టి, ఆమె వైపు చూడలేక, చిన్నపిల్లను దగ్గరికి తీసుకుంది.

"నీకు అక్షరాలు వచ్చా?"

షహర్ బానో చెప్పబోయింది. హనీఫా చెల్లెలి నెత్తిన చెయ్యి వేసింది.

"దీన్ని షెడ్డుల కూసోబెట్టుండ్రి టీచరమ్మా. ఆడ అయితే ఎవ్వలు నవ్వరు."

షహర్ బానో నోరు మూసుకుంది.