సీజన్ ముగిశాక అరవై రోజులు

తెలంగాణ వచ్చిన నాలుగో ఏడు, జనవరిలో, నన్ను మా విమాన సంస్థ ఢిల్లీ హెడ్డాఫీసు నుంచి శంషాబాద్ బేస్‌కు సిబ్బంది కాంట్రాక్టుల మేనేజరుగా వేశారు. మాది కొల్లాపూర్. సొంత ప్రాంతానికి వచ్చానన్న సంతోషం కంటే, వేసవి షెడ్యూలు నాటికి ఇరవై నాలుగు మంది కేబిన్ క్రూను సిద్ధం చేయాలన్న తొందరే ఎక్కువగా ఉండేది.

విమానయానంలో ఏడాదికి రెండే కాలాలు. మార్చి ఆఖరు నుంచి అక్టోబరు ఆఖరు దాకా వేసవి, మిగిలింది శీతాకాలం. వేసవిలో అదనంగా నడిపే విమానాలకు ఏడు నెలల సీజన్ కాంట్రాక్టు మీద మనుషులను తీసుకునేవాళ్లం. చివరి తేదీ రాగానే అది దానంతటదే ముగుస్తుంది. ఎవరూ ఎవరికీ నోటీసు ఇవ్వనక్కర్లేదు. మా కాంట్రాక్టులో పద్నాలుగో క్లాజు అని ఒకటి ఉండేది. సీజన్ ముగిశాక అరవై రోజుల్లోపు కంపెనీ మళ్లీ పిలవవచ్చు, అందాకా మరో విమాన సంస్థలో చేరకూడదు. ఆ రోజులకు జీతం లేదు. ఢిల్లీలో ఉన్నప్పుడు దాన్ని రాసింది నేనే. ఆరేళ్లుగా దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

సంతకాల కార్యక్రమం నల్లగొండలో ఒక డిగ్రీ కాలేజీ హాల్లో పెట్టాం. సోమవారం నుంచి శిక్షణ. పేరు పిలవగానే వచ్చి, నేను వేలు చూపిన చోట సంతకం పెట్టి పోతున్నారు. మౌనిక అనే అమ్మాయి మాత్రం కాగితాలు తీసుకుని వరండాలోకి వెళ్లింది. మర్రిగూడ దగ్గరి పల్లె ఆమెది. ఇంటర్వ్యూలో అందరికంటే ముందు నిలిచింది. వరండాలో వాళ్లమ్మ యాదమ్మ కూర్చుని ఉంది. కూతురు ఒక్కో ఇంగ్లీషు వాక్యం చదివి తల్లికి తెలుగులో చెప్పడం కిటికీలోంచి వినబడుతూనే ఉంది.

అరగంట తర్వాత ఇద్దరూ నా బల్ల దగ్గరికి వచ్చారు.

“సారు, గీ పద్నాలుగోది నాకు సమజ్ కాలే,” అంది యాదమ్మ. “పత్తి ఏరెటందుకు ముప్పై మంది ఆడోళ్లను నేను తీస్కపోత. ఏరుడు ఒడిసినంక ఎవల తొవ్వ వాళ్లదే. మళ్ల పిలుస్త, ఇంకోల చేనుకు పోవద్దు అంటే, ఆపినన్ని దినాలు బత్తెం ఇయ్యాలె. మీరేమో ఇయ్యరట, పోవద్దట. గిదేం పద్ధతి?”

అన్ని కంపెనీల్లోనూ ఇంతే అన్నాను. అది నిజం కాదని నాకు తెలుసు.

“నాకు ఈ కొలువు కావాలె సార్,” అంది మౌనిక. “గని రెండు నెలలు ఉత్తగ ఇంట్ల కూసోమంటే నాతోని కాదు. గదొక్కటి తీసేయుండ్రి, ఇప్పుడే సంతకం పెడత.”

వరుసలో ఉన్నవాళ్లు కలాలు జేబుల్లో పెట్టేసుకున్నారు. అప్పటికే సంతకం చేసిన ఒకరిద్దరు వెనక్కి వచ్చి ఆ పద్నాలుగోది ఏమిటో చూపమన్నారు.

నాకు కోపం వచ్చింది. బేస్‌కు వచ్చాక కాంట్రాక్టు మార్చే అధికారం నాకు లేదు. ఢిల్లీకి ఫోన్ చేస్తే, ఆ అమ్మాయిని వదిలేసి వెయిటింగ్ లిస్టులో తర్వాతి పేరు పిలవమని మా పై అధికారి రెండు ముక్కల్లో తేల్చేశాడు. ఫోన్ పెట్టేసి నేను రాసిన క్లాజునే మళ్లీ చదివాను. ఆపినన్ని రోజులకు బత్తెం ఇవ్వాలన్న యాదమ్మ మాటే న్యాయమనిపించింది.

మళ్లీ ఫోన్ చేసి, ఆ క్లాజు తప్పుగా రాశాననీ, దానితో సంతకాలు తీసుకోననీ చెప్పాను. రాతపూర్వకంగా ఇమ్మన్నాడు. కాలేజీ ఆఫీసు నుంచే మెయిల్ పంపాను. మనుషులను ఆపి ఉంచాలంటే రోజులు తగ్గించి సగం జీతమైనా ఇవ్వాలి, లేదా క్లాజు ఎత్తేయాలి అని రాశాను. సోమవారం శిక్షణ మొదలుకాకపోతే వేసవి విమానాలకు సిబ్బంది ఉండరని కూడా రాశాను. లీగల్ విభాగం నుంచి సాయంత్రం నాలుగింటికి జవాబు వచ్చింది: పదిహేను రోజులు, సగం జీతం.

పాత కాగితాలు చించేసి అందరికీ కొత్తవి ఇచ్చాం. మౌనిక వాటినీ మొదటి నుంచి చివరిదాకా తల్లికి చదివి వినిపించాకే సంతకం పెట్టింది.

“ముందుగాల్నే గిట్ల రాస్తే అయిపోవు గద సారు,” అని యాదమ్మ బస్సుకు టైమవుతోందని లేచింది.

ఆ అక్టోబరులో సీజన్ ముగిశాక పదిహేను రోజుల్లోపు మౌనికను మేము పిలవలేకపోయాం. పదహారో రోజున ఆమె మరో సంస్థలో శాశ్వత ఉద్యోగంలో చేరింది. ఆ సంగతి చెప్పడానికి పై అధికారి పనిగట్టుకుని నాకు ఫోన్ చేశాడు. ఆ ఏడు నాకు రావలసిన ప్రమోషన్ రెండేళ్ల తర్వాత వచ్చింది. మంచి మనిషిని పోగొట్టుకున్న మాట నిజమే. అయితే మరుసటి వేసవికి మిగతావాళ్లలో చాలామంది పిలవగానే వచ్చారు. అంతకుముందు మొహమాటానికి కూడా వచ్చేవారు కాదు.

కాంట్రాక్టు రాసేటప్పుడు నా దృష్టంతా పని ఉన్న రోజుల మీదే ఉండేది. సంతకం పెట్టేవాళ్లకు పని లేని రోజులే ముఖ్యం. రిటైరయ్యేదాకా ఆ తర్వాత నేను రాసిన ప్రతి కాంట్రాక్టునూ ముందు చివరి తేదీ దగ్గర తెరిచి, అక్కణ్ణుంచి వెనక్కి చదివాను.