సిద్ధగోరా కుంటలో ఎర్ర చుక్కల నత్తలు

బుధవారం సాయంత్రం ల్యాబ్‌లో గాజు సామాను కడుక్కుంటుంటే రూతు నుంచి వాట్సాప్ మెసేజ్ వచ్చింది. 'దీదీ, తాలాబ్ మే మిట్టీ డాల్‌నా కల్ సే షురూ.' రూతు మా పిన్ని కూతురు. జంషెడ్‌పూర్‌లోనే పుట్టి పెరిగింది, అక్కడే నర్సు. తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే రకం. నాకు హిందీ అంతంత మాత్రమే అయినా విషయం అర్థమైంది: కుంటలో మట్టి పోయడం రేపటి నుంచి మొదలు. 'ఇప్పుడే బయల్దేరుతున్నా' అని జవాబు కొట్టి, వల, బకెట్, సీసాలు సంచిలో కుక్కుకుని విశాఖ స్టేషన్‌కి పరిగెత్తాను.

ఒక కుంట కోసం ఇంత హడావిడి ఏమిటంటారా? నేను జీవశాస్త్రంలో పీహెచ్‌డీ చేస్తున్నాను, ఇదే చివరి ఏడాది. నా థీసిస్‌లో మూడో అధ్యాయమంతా జంషెడ్‌పూర్‌లోని సిద్ధగోరాలో ఇళ్ల వెనకున్న ఆ కుంటలోని నత్తల గురించే. అంత దూరపు కుంటే ఎందుకంటే, ఉచితంగా తిండీ పడకా ఇచ్చే పిన్ని ఆ పక్కనే ఉంది. థీసిస్‌లో మాత్రం వేరే కారణం రాశాను. ఎండాకాలంలో అక్కడ మకాం పెట్టి, నత్తల్ని పట్టి, గుల్ల తుడిచి, కొలిచి, ఒక్కోదానికి ఎర్ర నెయిల్ పాలిష్‌తో చుక్క పెట్టి, పక్కన సన్నగా నంబరు వేసి మళ్లీ నీళ్లలో వదిలాను. వానలయ్యాక వాటినే పట్టి మళ్లీ కొలిస్తే ఎన్ని బతికాయో, ఎంత పెరిగాయో తెలుస్తుంది. ఈ రెండో కొలత లేకపోతే మొదటిది ఎందుకూ పనికిరాదు. మార్చితో ఫెలోషిప్ ఆగిపోతుంది కనుక ఇంకో ఎండాకాలం నా చేతిలో లేదు.

వెళ్లాలనుకునేవాళ్లకు దారి చెప్తాను. విశాఖ నుంచి టాటానగర్‌కు, అంటే జంషెడ్‌పూర్ స్టేషన్‌కు, నేరుగా బండి దొరకని రోజున ఖరగ్‌పూర్‌లో దిగి మారాలి. అక్కడి నుంచి రెండు గంటల పైచిలుకు. నేను అలాగే వెళ్లాను, సగం దారి నిలబడే. టాటానగర్‌లో దిగేసరికి మధ్యాహ్నం దాటింది. స్టేషన్ బయట సాక్చీకి షేర్ ఆటోలుంటాయి, అక్కడ మారితే సిద్ధగోరా. తొందరలో ఉన్నాను కాబట్టి రెండొందల యాభైకి ఆటో మొత్తం మాట్లాడుకున్నాను.

పిన్నితో ఫోన్లో మాట్లాడుతుంటే డ్రైవరు వెనక్కి తిరిగాడు. "ఏటమ్మా, మనోళ్లేనా? మాది ఇచ్ఛాపురం అవతల. మా అయ్య రైల్వే పనికని వచ్చీసి ఇక్కడే ఉండిపోనాడు." పేరు సింహాచలం అట, యాభై దాటి ఉంటాయి. నా సంగతి చెబితే నమ్మలేదు.

"నత్తల మీద డాక్టరు సదువా? మందులు రాత్తారేటి?"

"రాయను, బాబాయ్."

"మరేటికమ్మా?"

ఆ ప్రశ్న నాలుగేళ్లుగా మా అమ్మ కూడా అడుగుతోంది. నవ్వేశాను. సిద్ధగోరాకు ముందొచ్చే అగ్రికో కాలనీ దాటాక మాత్రం నవ్వు రాలేదు. ఎదురుగా వచ్చే డంపర్లన్నీ ఖాళీగా ఉన్నాయి, అప్పటికే ఎక్కడో మట్టి పోసి వస్తున్నట్టు.

సందు చివర ఆటో ఆగింది. కుంట లేదు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎర్రమట్టి, మధ్యలో జేసీబీ అటూ ఇటూ తిరుగుతూ చదును చేస్తోంది. గట్టు మీది తుమ్మచెట్టు లేకపోతే చోటు మారిందనుకునేదాన్ని. సింహాచలం వెళ్లి జేసీబీ అతనితో మాట్లాడి వచ్చాడు.

"మంగళారమే మొదలెట్టీసినారంటమ్మా. పంపెట్టి నీళ్లు తోడీసి, అప్పుడు మట్టేసినారంట. నిన్న సందేళకి ఇంకా సగం కుంట ఉందంట."

బకెట్ పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. ఏడుపు వచ్చింది, దాచుకోలేదు. ఆయనకేం చెయ్యాలో తోచక మళ్లీ వెళ్లి నాలుగు మాటలు అడిగి వచ్చాడు. "నీళ్లు తోడినప్పుడు ఆడోళ్లొచ్చి నత్తలన్నీ ఏరుకున్నారంట. అదిగో, ఆ మలుపులో అమ్మతన్నారు. రామ్మా."

ప్రాణం లేచి వచ్చింది. అమ్ముతున్నారంటే నా నత్తలూ వాటిలోనే ఉండాలి. మొత్తం కొనేస్తే సరి. మలుపులో ఒకావిడ అల్యూమినియం బేసినులో నత్తలు పోసుకుని కూర్చుంది. నేను కూలబడి బేసిను అడుగుదాకా చేత్తో దేవాను. నల్లవి, గోధుమ రంగువి, నున్నగా కడిగినవి. ఒక్క ఎర్ర చుక్క లేదు. సింహాచలం హిందీలో అడిగి, ఆవిడ చెప్పింది విని నావైపు చూడకుండా చెప్పాడు.

"ఎర్ర బొట్టున్నవి సానా దొరికాయంట. ఎవులో మందెట్టీసినారు, పిల్లలు తింటే ఏటైపోద్దోనని భయమేసి, ఏరీసి బురదలోకి ఇసిరీసినారంట."

"ఎన్ని ఉంటాయో అడుగు బాబాయ్."

ఆవిడ రెండు చేతులూ చాపి చూపించింది. బోలెడు. వానలకు తట్టుకుని నా నత్తలు బోలెడు బతికాయి. నాకు కావలసిన ఫలితం అదే, కానీ బోలెడు అని థీసిస్‌లో రాయలేం కదా.

మా గైడ్‌కు ఫోన్ చేశాను. "ఆ అధ్యాయం తీసెయ్యమ్మా. మిగిలినదానితో సరిపోతుందో లేదో చూద్దాం" అన్నారు. ఆ 'లేదో' దగ్గర ఆయన గొంతు తగ్గింది.

పిన్ని ఇంట్లో అన్నం పెడితే కలిపి వదిలేశాను. రూతు డ్యూటీ నుంచి వచ్చీ రాగానే, "మొన్ననే మొదలైందని చెప్పలేదేం?" అని ఎగిరాను. పాపం, తెల్లబోయి, చెప్పాను కదా అంది. "బతాయా తో థా దీదీ, కల్ సే షురూ!"

"కల్ అంటే రేపు కదే!"

"దాన్నేటి అంటావే," అని పిన్ని అడ్డం వచ్చింది. "ఈళ్లకి నిన్నన్నా కల్లే, రేపన్నా కల్లే. నాను వచ్చిన కొత్తలో రేషనుకని రెండుసార్లు ఉత్తినే పోయొచ్చినాను."

రూతు నా పక్కన కూర్చుని, ఎప్పుడూ లేనిది తెలుగులో అంది: "నిన్న నాకు సెలవే. ఒక్క మాట అంటే బకెట్ అట్టుకుని నానే ఎల్దును కదా."

తిరుగు రైల్లో ల్యాప్‌టాప్ తెరిచాను. మూడో అధ్యాయం మొదటి వాక్యంలో ఈ కుంటలో నత్తలు విస్తారంగా 'ఉన్నాయి' అని రాసుకున్నాను. దాన్ని 'ఉండేవి' అని మార్చాను. కాసేపు చూసి అధ్యాయం మొత్తం తీసేశాను. పరిశోధనంటే తెలియనిదాని వెంట పడడం అని కొత్తగా చేరినవాళ్లకు చెబుతుంటాను. తెలుసనుకున్న రెండక్షరాల మాట నా ఏడాదిని మింగేసింది. రూతు మీద కోపం లేదు. నా మీద ఉంది, అది ఇప్పట్లో పోదు.

అటువైపు పని మీద వెళ్లేవాళ్లకు ఒక్క సలహా. ఎవరైనా 'కల్' అంటే ఆ వాక్యంలో కాలం చెప్పే క్రియ ఉందో లేదో చూడండి. నిన్నో రేపో అదే చెబుతుంది. లేకపోతే సిగ్గుపడకుండా, అయిపోయిందా, అవబోతోందా అని అడగండి. రూతు మెసేజ్‌లో అలాంటి క్రియ లేదు. నేను అడగనూ లేదు.