ఎడమచేతి రాట్నం

మొన్న నా మనవరాలు ఒక క్యాలెండరు తెచ్చింది. తను పనిచేసే చోట కొరియా దేశపు కంపెనీవాళ్ళు పంచారట. వాళ్ళ బౌద్ధుల గుడి గోడమీది బొమ్మ: గడ్డం ముసలాయన, పక్కన పులి, వెనక కొండ, ముందు నీళ్ళలో తామరలు. పులి ముఖం ఫలానా దిక్కున ఉంటేనే ఇంటికి మంచిదని ఫోనులో చూసి చెబుతూ దాన్ని గోడ గోడకూ మార్చింది. నాకు నవ్వు రాలేదు. ఆ ముసలాయనా, ఆ పులీ, ఆ తామరా నేనెరిగినవే.

చొప్పదండిలో మాది మగ్గాల వాడ. ఏడాదికోసారి కథ చెప్పేవాళ్ళు వచ్చి, పొడవాటి బొమ్మల పటాన్ని పందిరికి వేలాడదీసి, మా సాలోళ్ళ కులపురాణం పాడేవారు. అందులో మా మూలపురుషుడైన ఋషి పులినెక్కి వస్తాడు, తామరతూడు దారంతో తొలి బట్ట నేస్తాడు. ఆయన భార్య, సూర్యుని బిడ్డ, రాట్నం తిప్పుతుంది. పోలీసు చర్య అయిన కొన్నేళ్ళకు పాత పటం చినిగిపోతే కొత్తది రాయించారు. దానికి బట్ట నేసింది మా నాన్న, బాపు; గంజి పట్టించింది అమ్మ, మేము అవ్వ అని పిలిచేవాళ్ళం. పటం రాసే నకాషీ తాత మా అరుగు మీదే కూర్చుని రాశాడు. ఎదురుగా అవ్వ రాట్నం మీద కండెలు చుట్టేది. అవ్వది పుర్రచెయ్యి. ఆయనకేం తోచిందో, బొమ్మలోని తల్లి చేత కూడా ఎడమచేత్తోనే రాట్నం తిప్పించాడు. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "పుర్రచెయ్యి వెట్టినవ్ గని, నా ముక్కుపుల్ల యాడ వోయింది తాతా?" అంది. ఆయన నవ్వి, అదీ దిద్దాడు. తరువాత మేకపోతును కోసి, అన్నిటికన్నా చివర కళ్ళు దిద్ది బొమ్మలకు కళ్ళు తెరిచారు. కళ్ళు పడ్డాక అది బట్ట కాదు, దేవుడు. ఇక కుంచె తగలకూడదు.

మరుసటి వానాకాలం జ్వరంతో అవ్వ పోయింది. ఫోటో అన్నది మా ఇంట్లో ఎవరికీ లేదు. అవ్వది అంటూ మిగిలింది పటంలోని ఆ చెయ్యే. కథ రోజున బాపు పాట వినేవాడు కాదు, ఆ రాట్నం దగ్గరే చూపు నిలిపి కూర్చునేవాడు.

ఆపైన నూలు దొరకడం కష్టమైంది, అంగళ్ళ నిండా మిల్లు బట్ట వచ్చింది, మగ్గాలు ఒక్కొక్కటే ఆగాయి. బాపుకు బావ అయిన కులపెద్దకు దాని కారణం పటంలో దొరికింది.

"తల్లే ఉల్టా తిప్పుతాంటె మన కులం సీద నడుస్తదా బామ్మర్దీ? గీ పటాన్ని గంగల కలుపుదాం."

పెద్దల ముందు ఏనాడూ నోరు విప్పని బాపు ఆ రోజు చేతులు జోడించాడు. "గా చెయ్యొక్కటి మార్పియ్యిండ్రి బావా. పటం మాత్రం ముంచకుండ్రి."

నకాషీ తాతను పిలిపిస్తే ఆయన తల అడ్డంగా ఊపాడు. "కండ్లు దెరిసిన తల్లి చెయ్యి నన్ను ఇరగ్గొట్టుమంటరా?" పోనీ మా ఇంట్లో దాచుకుంటామంటే, పూజ లేని పటం ఉన్న ఇల్లు నిలవదన్నారు. నేనప్పటికే మగ్గమెక్కిన వయసువాణ్ణే, అయినా నా మాట అడిగినవాడు లేడు.

ధర్మపురి గోదావరి రేవులో, పోయిన మనిషికి చేసినట్టే అన్నీ చేసి, పటాన్ని వదిలారు. చుట్ట నీళ్ళలో తనంతట తానే విప్పుకుంది. ముందు పులి వెళ్ళిపోయింది, తరువాత తామరలు, ఆ వెనక రాట్నం. నాకు ఈత వచ్చు. బాపు నా మణికట్టు గట్టిగా పట్టుకున్నాడు. నన్ను ఆపడానికో, తను ఆగడానికో ఇప్పటికీ తెలియదు.

తరువాత నేను నస్పూరు చేరి బొగ్గుబాయిలో దిగాను, ముప్పై దాటాక అక్షరాలు దిద్దాను. రాయడమైతే వచ్చింది గానీ ఆ చెయ్యి గీద్దామంటే గీత కుదరదు. ధర్మపురి నుంచి కిందికి వచ్చే ఆ గోదావరి నీళ్ళే ఇన్నేళ్ళూ తాగాను.

ఇప్పుడు కథ చెప్పేవాళ్ళు రారు, వినడానికి మగ్గాల వాడా లేదు. పిల్లల ఫోనుల నిండా ఫోటోలే. పులిని ఎటు తిప్పాలో చెప్పు తాతా అని మనవరాలు అడుగుతోంది. పాతదాన్ని ముంచాక మావాళ్ళు మరో పటం రాయించారు, అందులో ఏదీ ఉల్టా లేకుండా దగ్గరుండి చూసుకున్నారు. మగ్గాలన్నీ ఆగి, ఇళ్ళకు తాళాలు పడి, వాడ ఖాళీ అయ్యేదాకా అందులోని తల్లి కుడిచేత్తో చక్కగా రాట్నం తిప్పుతూనే ఉంది.