మూడువేలో కాంటూరు

పెళ్ళయి కొల్లేటి లంకకు కాపురానికి వచ్చినప్పుడు నాకు మొదట అర్థం కాని మాట కాంటూరు. మాది తాడేపల్లిగూడెం. అక్కడ ఇల్లెక్కడంటే వీధి పేరు చెబుతారు. ఇక్కడ చెరువైనా, ఇల్లైనా, చివరికి చర్చి అయినా ఎన్నో కాంటూరులో ఉందో చెబుతారు. సముద్రమట్టానికి ఎన్ని అడుగుల ఎత్తున ఉందో చెప్పే సర్వేవాళ్ళ లెక్క అది. ఐదో కాంటూరు లోపలైతే సరస్సు, పైనైతే ఊరు. మా ఇల్లు సరిగ్గా ఆ అంచున ఉంది. ఏ ఏరు పొంగినా నీళ్ళు ముందు మా గుమ్మాన్నే పలకరిస్తాయి.

అరకు ప్రయాణం నా పంతం. మా ఆయనది చేపల చెరువు. మబ్బు పడితే నీళ్ళలో గాలి తగ్గి చేపలు పైకి తేలతాయి కాబట్టి ఊరు కదలరు. ఎండ కాస్తే మేత వేయాలి కాబట్టి కదలరు. టీచరుగా నాకొచ్చే బడి సెలవులన్నీ అలాగే కరిగిపోయాయి. పోయినేడు చెరువు లీజుకిచ్చేశాక ఆయనకిక సాకు దొరకలేదు. విశాఖ దాకా ఒక రైలు, అక్కడి నుంచి కొండల్లోకి ఇంకో రైలు, అరకులో ఒక రాత్రి. దిగొచ్చి భీమిలిలో పాత పెంకుటిళ్ళూ, డచ్చివాళ్ళ సమాధులూ చూసి ఇంటికి. టికెట్లు ఫోన్లో నేనే తీశాను.

ఆయన అడిగింది ఒక్కటే. “అరకు ఎన్నో కాంటూరు?”

“కొండలకి కాంటూరేంటండీ, మీ మొహం!” అంటూనే ఫోన్లో వెతికి, దాదాపు మూడు వేల అడుగులని చెప్పాను.

“మూడువేలో కాంటూరా!” అని నోరు తెరిచారు. “అయితే అక్కడికి నీళ్ళు రావు” అన్నారు.

నవ్వబోయి ఆగిపోయాను. ఆయన చిన్నప్పుడు ఒక వరదకి వాళ్ళ చెల్లెలు నిద్రలోనే కొట్టుకుపోయింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తరు. వాన కురిసే రాత్రి ఆయన మంచం మీద నడుం వాలుస్తారు గానీ నిద్రపోరు. కొండల అందం మీద ఆ మనిషికి మోజేమీ లేదు. బయట వాన పడుతుంటే ఒక్క రాత్రి భయం లేకుండా కళ్ళు మూసుకోవాలని ఉంది, అంతే. అది తెలిశాక ఆ ప్రయాణం నా సరదా కాకుండా పోయింది. ఎలాగైనా ఆయన్ని తీసుకెళ్ళి తీరాలనుకున్నాను.

ఆ మధ్య ఆయనకి ఆయాసం మొదలైంది. బయల్దేరే ముందు ఒకసారి చూపించుకుందామని ఏలూరు తీసుకెళ్ళాను. డాక్టరుగారు స్కానింగు చూసి, ఊపిరితిత్తులు గట్టిపడుతున్నాయన్నారు. మందులు వాడితే జబ్బు నెమ్మదిస్తుంది గానీ పోదట. నేను అరకు మాట ఎత్తాను.

“కొండ మీదకి వద్దండీ,” అన్నారావిడ. “అక్కడ గాలి పలచన. ఈయనకి ఇప్పటికే చాలట్లేదు.”

“మా చేపలు గాలి చాలకపోతే పైకొస్తాయండీ. నన్నేమో పైకెళ్ళొద్దంటున్నారు,” అన్నారాయన తేలిగ్గా.

డాక్టరుగారు నవ్వలేదు. “చేపకి పైనే గాలి ఉంటుందండీ. మీకు పైకెళ్ళేకొద్దీ తగ్గిపోతుంది,” అని మెల్లగా చెప్పారు. ఆయనకి అంతకన్నా వివరించాల్సిన పని లేకపోయింది.

బస్సులో నేను డాక్టరునీ, కొండల్నీ, కొల్లేటినీ కలిపి మనసులో తిట్టుకున్నాను. ఆయన కిటికీలోంచి ఎవరి చెరువులో నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు తిరగట్లేదో చూసి చెబుతూ కూర్చున్నారు, ఏమీ జరగనట్టు.

ఇంటికి రాగానే ఫోన్ తీశాను. “భీమిలి ఉంచి అరకు తీసేస్తానండీ.”

“తియ్యకు. మీ అక్కని తోడు తీసుకుని నువ్వెళ్ళు.”

“నేనెళ్ళి అక్కడేం చేస్తానండీ?”

“పడుకో. ఈ ఇంట్లో ఒక్కరైనా నీళ్ళ భయం లేకుండా ఒక రాత్రి నిద్రపోవాలి.”

నాకు కోపం ముంచుకొచ్చింది, దాని వెనకే ఏడుపు. ఇన్నేళ్ళ కాపురంలో ఎప్పుడూ అనని మాట అనేశాను. “మీరు పక్కన మేలుకుని ఉంటారనే గదండీ, ఇన్నాళ్ళూ నేనీ ఇంట్లో నిద్రపోయింది!”

ఆయన నా వైపు తిరిగారు.

“ఇక నుంచి నేను మేలుకుంటాను. మీరు పడుకోండి,” అన్నాను.

“నీకు నీళ్ళొచ్చే జాడ తెలీదే.”

“చెప్పండి, నేర్చుకుంటాను.”

చాలాసేపు ఊపిరి కూడదీసుకున్నారు. “కప్పలు అరుస్తున్నంతసేపూ భయం లేదు. అవి ఆగితే నన్ను లేపు.”

అరకు టికెట్లు రద్దు చేశాను, భీమిలి ప్రయాణం ఉంచాను. తొలివాన పడ్డ రాత్రి ఆయన గురక పెట్టి నిద్రపోయారు. నేను కప్పల్ని వింటూ కూర్చున్నాను.