సగం కార్డుల రఘుపతన్న

మా రఘుపతన్న చేసిన గ్రీటింగ్ కార్డును పూర్తిగా తయారైన రూపంలో అందుకున్న మనిషి ఆత్మకూర్‌లో ఒక్కడూ లేడు. పూలకాగితం కత్తిరించి ఉంటే అతికించి ఉండదు. అతికించి ఉంటే రాత ఉండదు. రాత ఉంటే అంచు ఉండదు. కార్డు ఇవ్వడానికి వచ్చేటప్పుడు అన్న ఒక సంచిలో కత్తెర, స్కేలు, మూతగిన్నెలో మైదాతో కాచిన లై వెంట తెచ్చుకునేవాడు. ఎవరికైతే ఆ కార్డు ఇవ్వాలో వాళ్ళనే ఎదురుగా కూర్చోబెట్టి, "జర గీ మూల పట్టుకో" అనేవాడు.

ఆయనది బస్టాండు పక్కన పెళ్ళిపత్రికల దుకాణం. దాన్ని ఆనుకునే నా జిరాక్స్ షాపు. ముహూర్తాలు లేని రోజుల్లో అన్నకు గిరాకీ ఉండదు. అప్పుడు పాత నమూనా పత్రికలు ముందేసుకుని కత్తిరించడం మొదలుపెట్టేవాడు. ఆ కాగితాల మీద ఉండేవి బంగారు నెమళ్ళు, తామర తీగలు, పల్లకి మోసే బోయీలు. ఊళ్ళో ఎవరికి ఏ కష్టం వచ్చినా ఆ కష్టం పెళ్ళికళతోనే కనిపించేది. కాలు విరిగినవాడికి పల్లకి వెళ్ళేది. ఉద్యోగం పోయినవాడికి సన్నాయి మేళం వెళ్ళేది.

మా గల్లీ విజేందర్ కారు లైసెన్సు కోసం పోయి, ఎనిమిది అంకె ఆకారంలో బండి తిప్పలేక ఫెయిలై, ఇంటికొచ్చి గోడవైపు తిరిగి పడుకున్నాడు. అన్న సంచి తీసుకుని బయలుదేరాడు. కార్డు మీద మాట మాత్రం ముందే రాసుకున్నాడు: "ఎనిమిది రాకుంటే ఏమాయె, ఒకటి కాడ్నుంచి మొదలువెట్టు." కింద కారు బొమ్మ ఉంది, చక్రాలు లేవు. తన కత్తెర గుండ్రంగా తిరగదని, చక్రాలు కత్తిరించి పెట్టమని విజేందర్‌ను బతిమాలాడు. అతను లేచి విసురుగా కత్తిరించాడు. నాలుగు చక్రాలు నాలుగు సైజుల్లో వచ్చాయి. అది చూసి అతనికే సిగ్గేసి మళ్ళీ కత్తిరించాడు. సాయంత్రానికి లైతో గచ్చు మీద పెద్ద ఎనిమిది గీసి, ఏ మలుపులో బండి ఆగిందో అన్నకు వివరిస్తున్నాడు. గచ్చు కడుక్కోలేక వాళ్ళమ్మ అన్నను తిట్టిన తిట్లు నా షాపు దాకా వినిపించాయి.

మార్కెట్లో నర్సింగమ్మ పల్లీల కుప్ప అకాల వర్షానికి తడిసినప్పుడు ఆమెకు నెమలి కార్డు వెళ్ళింది. "వాన పల్లీలనే తడిపింది, నిన్ను గాదు" అని దాని మీద రాత. తనకు అక్షరం ముక్క రాదని, గిదేం జేసుకోవాలెనని ఆమె అడిగింది. చదివే పని తనదని, అంచుకు ముగ్గు పెట్టే పని ఆమెదని అన్న చెప్పాడు. ముగ్గు అనేసరికి నర్సింగమ్మకు పౌరుషం వచ్చింది. చుక్కలు పెడుతూనే, నెమలి కాళ్ళు కొంగ కాళ్ళలా ఉన్నాయని అన్నను కడిగేసింది. ఆ తర్వాత ఆ కార్డు వాళ్ళ బర్రెల కొట్టంలో దూలానికి వేలాడింది.

ఈ ధర్మకార్యం వల్ల దుకాణం మాత్రం చితికిపోయింది. పెళ్ళివాళ్ళు వచ్చి నమూనాల పుస్తకం తెరిస్తే ప్రతి పేజీలోనూ కిటికీలే. వినాయకుడు ఉండాల్సిన చోట చదరంగా ఒక కిటికీ, అందులోంచి వెనక పేజీలోని పెళ్ళికొడుకు ముక్కు. అక్కడ దేవుడు ఉన్నట్టు అనుకొమ్మని అన్న చెప్పేవాడు. వాళ్ళు సరేనని తలూపి, ఎదురు దుకాణంలోకి పోయేవాళ్ళు.

ఆయన భార్య మంజులత వదిన బాధ ఇంకోరకం. ఇంట్లోని మైదా అంతా లై కిందే పోతోందని, పూరీ ఎట్లుంటదో పిల్లలు మరిచిపోయారని నా దగ్గర వాపోయేది. అలమరల్లో పరిచిన పూలకాగితాలు ఎప్పుడో మాయమయ్యాయి. ఒకరోజు ఆమె కొత్త పూలచీర కట్టుకుని ఎదురొస్తే అన్న కళ్ళు చిట్లించి ఆ పూలను కొలతలు వేస్తున్నట్టు చూశాడట. ఆ చీర ఆమె అమ్మగారింట్లో దాచిపెట్టి వచ్చింది.

లై గొడవ నాకూ చికాకే. ఆ లై పలుచన, అతికించింది అతికినట్టు ఉండదు. ఇంత పిసినారితనం ఎందుకని నా షాపులోంచి మంచి గమ్ము ట్యూబు ఒకటి ఊరికే ఇచ్చాను. అది ఊడి రాదని చెప్పి తిరిగి నా బల్ల మీదే పెట్టిపోయాడు. ఊడి రాకపోవడం గమ్ముకు తప్పెట్లా అవుతుందో నాకు అర్థం కాలేదు.

మొన్న ఎండాకాలంలో నా భార్య కోమలకు మెడ దగ్గర చిన్న గడ్డ కనిపించింది. మహబూబ్‌నగర్‌లో చూపిస్తే, సూదితో ముక్క తీసి పరీక్షకు హైదరాబాద్ పంపారు. రిపోర్టు రావడానికి కొన్ని రోజులు పడుతుందని, భయపడాల్సిన పని లేదని డాక్టరు అన్నాడు. ఆయన ఆ మాట అన్నాకే మాకు భయం మొదలైంది.

ఇంటికొచ్చాక కోమల మాటలు ఆగిపోయాయి. పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పక్కనే నిలబడి చూస్తుండేది. అన్నం కలిపి, అలాగే వదిలేసి చెయ్యి కడుక్కునేది. షాపులో నేను ఎవరిదో ఆధార్ కార్డు ముందువైపే రెండుసార్లు తీసి ఇచ్చాను. ఎవరితోనూ చెప్పుకోలేదు. కానీ మధ్యలో ఉన్నది ఒంటి ఇటుక గోడ, నేను ఫోన్లో డాక్టరుతో మాట్లాడింది అన్న చెవిన పడింది. ఆ మధ్యాహ్నమే సంచితో మా ఇంటికి వచ్చాడు.

నిజం చెప్పాలంటే తలుపు వేసేయాలనిపించింది. అన్న నన్ను పట్టించుకోకుండా కోమల ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. పసుపు కాగితం తీశాడు. దాని మీద తామర తీగ అతికించాలి, తీగకు బోలెడన్ని ఆకులు. ఒక్కొక్క ఆకూ గోరంత.

"చెల్లె, మాట గూడ దొరుకుతలేదు," అన్నాడు. "ఏం రాయాల్నో నువ్వే చెప్పాలె."

తనకేమీ తోచడం లేదంది కోమల. అట్లయితే ముందు ఆకులు కానిద్దామన్నాడు. ఆమె కత్తెర అందుకుంది. పొద్దు వాలేదాకా కత్తిరించి అతికించింది. మాట్లాడలేదు గానీ, ఆ రాత్రి అన్నం తింది.

ఆరబెడతానని తీసుకుపోయిన కార్డునే పట్టుకుని మరునాడు అన్న వచ్చాడు. ఆకులన్నీ ఊడి సంచిలో ఉన్నాయి. లై సరిగ్గా కుదరలేదట. కోమల మళ్ళీ మొదటి నుంచి అతికించింది. ఆ తర్వాతి రోజూ అదే కథ. మీ లై గంజికి తక్కువ, నీళ్ళకు ఎక్కువ అని కోమల ఎత్తిపొడిచింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది. ఇంత దిగుల్లో ఉన్న మనిషి చేత చేసిన పనే మళ్ళీ చేయిస్తున్నాడు. గమ్ము ట్యూబు జేబులో వేసుకుని, ఈసారి నాలుగు మాటలు అనే తీరాలని దుకాణంలోకి వెళ్ళాను.

వెనక గదిలో స్టవ్వు మీద టీ గిన్నెలో నీళ్ళు మరుగుతున్నాయి. ఆ ఆవిరి మీద అన్న మా కార్డును పట్టుకుని, పిన్నీసుతో ఒక్కొక్క ఆకూ లేపుతున్నాడు. చిరగకుండా, ఎంతో ఓపికగా.

"ఏం జేస్తున్నవన్నా?"

ఆయన ఉలిక్కిపడ్డాడు. "ఆకులు పీకుతున్న."

"ఎందుకు?"

"రేపటికి చెల్లెకు పని ఉండొద్దా?"

గమ్ము ట్యూబును జేబులో ఇంకాస్త లోపలికి తోశాను. స్టవ్వు పక్కన కూర్చున్న మంజులత వదిన, ఈయన చాలామంది కార్డులు ఇట్లాగే పీకుతాడని, ఆ లై పలుచగా కాచేది తానేనని చెప్పింది. ఇన్నేళ్ళూ నా దగ్గర మైదా లెక్కలు చెప్పి బాధపడ్డ మనిషి ఈమేనా అనిపించింది.

తర్వాత అసలు సంగతి వదినే చెప్పింది. పెద్దపిల్లను కనడానికి తాను పాలమూరు దవాఖానలో చేరినప్పుడు కాన్పు కష్టమైందట. బయట అన్న అటూ ఇటూ తిరుగుతూ అందరికీ అడ్డం పడుతుంటే, అక్కడ కూర్చున్న ఒక పెద్దామె ఆయన్ని లాగి కూర్చోబెట్టి, ఒడి నిండా అనపకాయలు పోసి ఒలవమందట. ఎవరో, ఏ ఊరో తెలియదు. కాయలు సగం ఒలిచేసరికి లోపల పిల్ల ఏడుపు వినిపించిందట.

"చేతికి పని దొరికితే గుండె జర జాగల కూసుంటది, వెంకటేషు," అన్నాడు అన్న, ఆకు లేపుతూనే. "కోమలకు చెప్పకు."

చెప్పలేదు. మరునాడు అన్న ఊడిన ఆకులతో వస్తే, నేను షాపు మూసి వచ్చి నేనూ చాప మీద కూర్చున్నాను. ఆకులు అయ్యాక, ఇవాళైనా మాట చెప్పమని అన్న అడిగాడు. "చూద్దాం అని రాయి," అంది కోమల. అన్న 'చూ' రాసి, 'ద్దా'కు దీర్ఘం దిద్దుతుండగా నా ఫోను మోగింది. డాక్టరు.

మామూలు గడ్డేనట. భయం లేదు, కొన్నాళ్ళు మాత్రలు వాడితే చాలట. నేను అర్థం కాని మొహంతో మళ్ళీ మళ్ళీ ఏందని అడుగుతుంటే కోమల ఫోను లాక్కుని తానే విన్నది. విని, ఫోను పక్కన పెట్టి, గోడకు చేరగిలబడింది. ఊరందరికీ ధైర్యం రాసిచ్చిన అన్న, చేతిలోని ఆకును కార్డు మీద అనుకుని తన బొటనవేలికే అతికించుకున్నాడు.

"నాకు ఆకలైతాంది," అంది కోమల.

ఎన్ని రోజులైందో ఆ మాట విని. ఏం తింటావంటే, బస్టాండు దగ్గరి మిర్చి బజ్జీలు కావాలంది. నేను లేచేలోపే అన్న చెప్పులు కూడా వేసుకోకుండా స్కూటరెక్కాడు.

అన్న అటు వెళ్ళగానే కోమల నావైపు తిరిగింది.

"అన్న ఆకులు పీకుడు నీకు తెలుసా?"

నేను చాప మీద పడ్డ కాగితం ముక్కలు ఏరసాగాను.

"నాకు రెండోనాడే తెలిసింది. అన్ని ఆకుల మీద పిన్నీసు గీతలే. పాపం పీకనీకె కష్టమైతదని, నేను గూడ లై చుక్క చుక్కనే పెట్టిన."

అన్న తిరిగి వచ్చాడు. మిర్చీల బండి మొత్తం కొన్నట్టున్నాడు, రెండు చేతులకూ పొట్లాలే. ముగ్గురం చాప మీదే తిన్నాం. కోమల ఆగకుండా తింటూనే ఉంది. నూనె వస్తువులు బాగా తగ్గించాలని కూడా డాక్టరు ఫోన్లో చెప్పాడు. కోమల అది విననట్టే ఉంది. నేనూ ఆ సాయంత్రానికి గుర్తు చేయలేదు.