చింతపండుతో తోమిన గని బిళ్ల

ఎనభైల మొదట్లో జరిగిందిది. మా నాయన కోలారు బంగారు గనిలో కూలీ. ఆయన పోయాక ఫొటో కూడా మిగల్లేదు, గనిలో హాజరు కోసం ఇచ్చిన నంబరు బిళ్ల తప్ప. బడి ఎరుగని నేను అంకెలు నేర్చుకున్నది ఆ ఇత్తడి బిళ్ల మీదే. అమ్మ ప్రతి శుక్రవారం దాన్ని చింతపండుతో తోమి బొట్టు పెట్టేది. అమ్మ పోయాక కుప్పంలో ఒంటిగా ఉంటూ నేనూ అదే చేశాను.

మదనపల్లెలో పాత నాణేల వ్యాపారి ఒకాయన ఉన్నాడని విని, పుంగనూరు మీదుగా బస్సులో వెళ్లాను. అమ్మడానికి కాదు, నాయన బిళ్లను ఎవరికైనా చూపించాలని.

“నిన్న పోత పోసిందప్పా ఇది! ఇట్ల మెరిసేవి బెంగళూరులో డజన్లు అమ్ముతాండారు” అన్నాడతను. అంగట్లో అందరూ నవ్వారు.

నాకు ఒళ్లు మండింది. “మా నాయన గని బిళ్లప్పా ఇది! మెరుపు కాదు, తూటు సూడు! మేకుకు తగిలించి తగిలించి పైపక్క అరిగిపోయుండాది. అంకెలు ఒకటొకటే సుత్తితో కొట్టినారు, ఏడు పక్కకు ఒరిగుండాది. పోతలో ఇట్ల వస్తాదా?”

అతను భూతద్దం పెట్టి చాలాసేపు చూశాడు.

“అసలుదేప్పా, తప్పు నాదే. కానీ తోమి తోమి మీ నాయన చేతి మురికంతా పోగొట్టినారే!”

గెలిచి వచ్చానని చెప్పుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరు. ఆ శుక్రవారం బొట్టు పెట్టాను గానీ, చింతపండు నానబెట్టలేదు.